రక్తంలో అమైనో ఆమ్లాలు ఎక్కువుంటే గుండెజబ్బు వస్తుందని జన్యువులు చెప్తున్నాయా? పప్పు, గుడ్డు మానేయాలా?

హన్మకొండ_రవి

మా బాపు 51 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. నాకిప్పుడు 43. ఆ భయంతోనే ఏటా ఒకసారి రక్తపరీక్షలు చేయించుకుంటాను. ఈసారి తీసుకున్న ప్యాకేజీలో అమైనో ఆమ్లాల పరీక్ష కూడా ఉంది. తిన్న ప్రోటీన్ విరిగితే వచ్చే ముక్కలట అవి. రిపోర్టులో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ మూడింటికీ పైకి చూసే ఎర్ర బాణం. గ్లైసిన్‌కు కిందికి చూసే బాణం. హోమోసిస్టీన్ 22, ఉండాల్సింది 15 లోపు అట. ఒక డాక్టరుకు చూపిస్తే కాగితం అటూ ఇటూ తిప్పి "ప్రోటీన్ తగ్గించండి" అని పంపించేశారు.

రాత్రంతా ఫోన్‌లో వెతికాను. ఒకచోట "అమైనో ఆమ్లాలకూ గుండెజబ్బుకూ లంకె ఉందని జన్యువుల ద్వారా తేలింది" అని ఉంది. ఇంకోచోట "లంకె ఉంది కానీ అదే కారణం కాదు" అని ఉంది. రెండింటికీ తేడా నాకు అర్థం కాలేదు. అసలు జన్యువులు చూసి, రక్తంలో ఉన్న ఒక పదార్థం గుండెను చెడగొడుతుందో లేదో ఎలా చెప్తారు?

ఇంట్లో నాలుగు రోజులుగా పప్పు, గుడ్డు బంద్. మా ఆవిడ వండనంటోంది. మా పెద్దోడు ఇంటర్, జిమ్‌కు పోతాడు. వాడు తాగే పొడి డబ్బా మీద సరిగ్గా ఆ మూడు పేర్లే ఉన్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు విడమరచి చెప్పండి.

జిమ్_శీను_కాజీపేట

ఆ పొడి నేను ఆరేళ్లుగా తాగుతున్నాను. బీపీ, షుగర్ అన్నీ నార్మల్. నెట్‌లో చదివిందంతా నమ్మి పిల్లాడి డబ్బా పారేయకు అన్నా.

సరోజ_జనగామ

నాలుగు రోజులు పప్పు లేకుండానా! మా ఇంట్లో అయితే రెండో రోజుకే మా మామయ్య వంటింట్లోకి వచ్చి తనే కుక్కర్ పెట్టేవాడు. రవి తమ్ముడూ, ముందు పప్పు వండించు, తర్వాత జన్యువుల సంగతి చూద్దాం.

ల్యాబ్_కిరణ్_మంచిర్యాల

రవి అన్నా, రెండు ప్రశ్నలు. రక్తం పరగడుపున ఇచ్చావా? ల్యాబ్‌కు పోయి ఇచ్చావా, ఇంటికొచ్చి తీసుకుపోయారా?

హన్మకొండ_రవి

ఇంటికొచ్చి తీసుకున్నారు. ఏడింటికి రావాల్సిన అబ్బాయి పదిన్నరకు వచ్చాడు. అప్పటికే ఆకలికి ఆగలేక నాలుగు ఇడ్లీలు, రెండు ఉడకబెట్టిన గుడ్లు తిన్నాను. షుగర్ 148 వచ్చింది, తిన్నాక తీసింది కదా అని పట్టించుకోలేదు.

ల్యాబ్_కిరణ్_మంచిర్యాల

సగం కథ అక్కడే ఉంది. ప్రోటీన్ తిన్న తర్వాత కొన్ని గంటలపాటు లూసిన్, వాలిన్ రక్తంలో పెరిగే ఉంటాయి. పరగడుపు శాంపిల్‌కు పెట్టిన హద్దులతో ఇడ్లీ, గుడ్డు తిన్నాక తీసిన రక్తాన్ని పోలిస్తే బాణాలు ఎర్రగానే వస్తాయి.

హోమోసిస్టీన్ ఇంకా సున్నితం. రక్తం బయటికి తీశాక కూడా ట్యూబులో ఎర్రకణాలు దాన్ని వదులుతూనే ఉంటాయి. వెంటనే ఐస్‌లో పెట్టాలి, లేదంటే గంటలోపే మిషన్‌లో తిప్పి ప్లాస్మాను, అంటే రక్తంలోని నీటి భాగాన్ని, కణాల నుంచి వేరు చేయాలి. అలా చేయకపోతే గంటకు పది శాతం వరకు పెరుగుతుంది. మీ ఇంటి తర్వాత ఆ అబ్బాయి ఇంకో ఐదారు ఇళ్లు తిరిగి ఉంటే, ఆ 22లో నీది ఎంతో, బైకు మీది సంచిలో పెరిగింది ఎంతో ఎవరూ చెప్పలేరు. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఐస్ లేకుండా వచ్చిన ఈ శాంపిల్‌ను నేను తీసుకోను, మళ్లీ రమ్మంటాను. జనానికి కోపం వస్తుంది కానీ తప్పు రిపోర్టు ఇవ్వడం కంటే అదే నయం.

హన్మకొండ_రవి

ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు తమ్మీ.

బయోకెమ్_లక్ష్మి

కిరణ్ చెప్పింది అక్షరాలా నిజం. అయినా ఆ రిపోర్టును పూర్తిగా పక్కన పెట్టకు రవీ. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జీవరసాయనం చెప్పాను, వాళ్లకు చెప్పినట్టే చెప్తాను.

పాకాల చెరువు కట్ట మీద నిలబడ్డావనుకో. నీటి మట్టం పెరిగింది. ఎందుకు? వాన ఎక్కువ పడి ఉండాలి, లేదా తూము పూడిపోయి ఉండాలి. కట్ట మీద నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. నీ రక్తపరీక్ష చూపించేది మట్టం మాత్రమే. పప్పు, గుడ్డు, మాంసం వాన. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్‌లను విరిచి శక్తిగా మార్చే ఒక ఎంజైమ్ ఉంది, అది తూము. పరగడుపున తీసిన రక్తంలో మట్టం ఎక్కువగా ఉంటే చాలామందిలో వాన కంటే తూము మీదే అనుమానం పడాలి. పొట్ట చుట్టూ కొవ్వు చేరి, ఇన్సులిన్ మాట ఒంట్లో చెల్లనప్పుడు కాలేయంలో, కొవ్వు కణజాలంలో ఆ తూము సన్నబడుతుంది. దాన్నే ఇన్సులిన్ నిరోధకత అంటాం.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్ల మీద 2011లో వచ్చిన అధ్యయనం గుర్తుంచుకో. షుగర్ లేని 2,422 మందిని 12 ఏళ్లు గమనిస్తే 201 మందికి షుగర్ వచ్చింది. వాళ్ల రక్తంలో ఈ మూడు, వాటితో పాటు టైరోసిన్, ఫినైలలనిన్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఎక్కువగా ఉన్నాయి. అంటే అమైనో ఆమ్లాలు షుగర్ కంటే చాలా ముందే కబురు పంపుతాయి. గ్లైసిన్ తగ్గడం కూడా అదే గుంపులోది. తిన్నాక 148 అంటే కంగారు పడాల్సింది కాదు కానీ, నీ నడుము కొలత ఎంత?

హన్మకొండ_రవి

ప్యాంటు 38 మేడం. మరి అవి కబురు తెచ్చేవేనా, జబ్బు తెచ్చేవి కూడానా? నా అసలు ప్రశ్న అదే. అందులో జన్యువుల పని ఏమిటి?

పత్తిరైతు_పరకాల

ఈ కబురు, జబ్బు తేడా మా చేలో చూశాను, అది చెప్తాను. మా దిక్కు ఒక నీళ్ల మందు వచ్చింది, పత్తికి కొడితే కాయ బాగా పడుతుందని. కొట్టినోళ్ల చేలల్లో నిజంగానే దిగుబడి ఎక్కువ వచ్చింది. నేను కూడా కొనబోయాను. మా బావమరిది అడిగాడు, "ఆ మందు కొట్టిన పదిమందిలో బోరు లేనోడు ఒక్కడన్నా ఉన్నాడా?" అని. లేడు. డబ్బున్నోడికే బోరు, డబ్బున్నోడే మందు కొంటాడు. కాయ పెంచింది నీళ్లో మందో ఎట్లా తెలుస్తుంది?

తర్వాత మా చేనునే పన్నెండు ముక్కలు చేసి చిట్టీలు వేశాం. ఆరు చిట్టీల మడులకు మందు కొట్టాం, ఆరింటికి వట్టి నీళ్లు కొట్టాం. చివరికి తూస్తే తేడా రాలేదు. చిట్టీ అయితే బోరు మొహం చూడదు కదా.

గణాంకాల_గిరి

పరకాల అన్న చెప్పిందే ఈ పద్ధతికి పునాది. మనుషులకు లూసిన్ ఎక్కువ చేసి ఇరవై ఏళ్లు ఆగి చూడలేం. కానీ ప్రకృతి పుట్టుకతోనే చిట్టీలు వేసేసింది. తల్లిలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు, తండ్రిలో రెండు. బిడ్డకు ఏది వస్తుందన్నది బొమ్మా బొరుసూ. మెండెల్ బఠానీ మొక్కల మీద పనిచేసి 1866లో అచ్చు వేసిన సూత్రమే అది. మనిషికి డబ్బుందా, సిగరెట్ తాగుతాడా, పొద్దున్నే నడుస్తాడా అని చూసి జన్యువు రాదు. జబ్బు వచ్చాక జన్యువు మారదు కూడా.

కొందరికి పుట్టుకతోనే ఒక పదార్థం రక్తంలో ఎక్కువ ఉండేలా చేసే జన్యు తేడా వస్తుంది. వాళ్లను, అది లేనివాళ్లను పక్కపక్కన పెట్టి లెక్కేస్తే జీవితాంతం నడిచిన ప్రయోగం చూసినట్టే. ఆ పదార్థం నిజంగా గుండెను చెడగొట్టేదైతే వాళ్లలో గుండెపోట్లు ఎక్కువుండాలి. కొలెస్ట్రాల్, క్యాన్సర్ విషయంలో ఈ ఆలోచనను 1986లో మార్టిన్ కటాన్ ఒక చిన్న ఉత్తరంలో రాశాడు. 2003లో జార్జ్ డేవీ స్మిత్, షా ఇబ్రహీం దానికి పద్ధతంటూ ఒక రూపం ఇచ్చారు. మెండీలియన్ రాండమైజేషన్ అంటారు. రవి గారు చదివిన "జన్యు ఆధారం" ఇదే.

సింగరేణి_బిడ్డ

ఒక్క ఉదాహరణ చెప్పండి గిరి అన్నా, గాలిలో ఉన్నట్టుంది.

గణాంకాల_గిరి

రెండు చెప్తాను, ఒకటి నెగ్గింది, ఒకటి ఓడింది.

నెగ్గింది చెడు కొలెస్ట్రాల్. పీసీఎస్‌కే9 అనే జన్యువు పుట్టుకతోనే పనిచేయని నల్లజాతి అమెరికన్లలో చెడు కొలెస్ట్రాల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు 88 శాతం తక్కువ అని 2006లో తేలింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు తర్వాత మందులై వచ్చాయి.

ఓడింది మంచి కొలెస్ట్రాల్. ఎక్కువుంటే గుండెకు రక్ష అని అందరం నమ్మాం. 2012లో పుట్టుకతోనే అది ఎక్కువున్న వాళ్లను చూస్తే గుండెపోట్లు ఏమీ తగ్గలేదు. పరకాల అన్న భాషలో చెప్పాలంటే మంచి కొలెస్ట్రాల్ మందు కాదు, బోరున్నోడి గుర్తు.

సింగరేణి_బిడ్డ

మా నాయిన మంచి కొలెస్ట్రాల్ 62 అని రిపోర్టు ఫ్రేమ్ కట్టించినంత పని చేశాడు. అది చూసుకుని బీడీ మానలేదు. ఈ ముక్క ఆయనకు ఈ రాత్రే చదివి వినిపిస్తాను.

కేఎంసీ_పాతబ్యాచ్

హోమోసిస్టీన్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఆ పొరపాటులో నేనూ ఉన్నాను.

హోమోసిస్టీన్ కూడా అమైనో ఆమ్లమే. 1969లో కిల్మర్ మెకల్లీ అనే వైద్యుడు, పుట్టుకతో ఇది విపరీతంగా పెరిగే జబ్బున్న పిల్లల ధమనులు ముసలివాళ్ల ధమనుల్లా గట్టిపడి ఉండటం చూసి, గుండెజబ్బుకు ఇదే మూలం కావచ్చన్నాడు. తర్వాత పెద్దవాళ్లలో చూస్తే నిజంగానే హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోట్లు ఎక్కువ. ఫోలిక్ ఆమ్లం, బి6, బి12 ఇస్తే అది తగ్గుతుంది. ఇంకేం కావాలి? గుండె పేషెంట్లకు మేం ఆ మాత్రలు ధారాళంగా రాశాం.

ఆ మాత్రల మీద జరిగిన హోప్-2 అనే ప్రయోగం ఫలితం 2006లో వచ్చింది. 5,522 మంది, ఐదేళ్లు. హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. అదే ఏడాది నార్వే ప్రయోగం కూడా అదే చెప్పింది. 2012లో జన్యువుల లెక్క బయటికొచ్చింది. ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే జన్యువులో తేడా వల్ల పుట్టుకతోనే హోమోసిస్టీన్ దాదాపు 20 శాతం ఎక్కువున్నవాళ్లు ఉంటారు. గుండెజబ్బున్నవాళ్లు 48 వేల మందిని, లేనివాళ్లు 67 వేల మందిని తీసుకుని చూస్తే, ఈ తేడా ఉన్నా లేకున్నా ముప్పు దాదాపు సమానం.

ఆ జన్యువుల లెక్క ముందే చేతిలో ఉండి ఉంటే వేలమంది చేత ఏళ్ల తరబడి ఆ మాత్రలు మింగించేవాళ్లం కాదు. మా పేషెంట్లలో కూలీలు కూడా ఉండేవాళ్లు, మాత్రల చీటీ పట్టుకుని మందుల షాపు ముందు డబ్బులు లెక్కపెట్టుకునేవాళ్లు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మానేరు_ఒడ్డు

డాక్టర్ గారూ, మీరు చెప్పింది సగమే. అదే హోప్-2లో పక్షవాతం తగ్గింది. 2015లో చైనాలో బీపీ ఉన్న 20 వేల మందికి పైగా బీపీ మాత్రతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఇస్తే, ఉత్త బీపీ మాత్ర వేసుకున్నవాళ్ల కంటే మొదటిసారి పక్షవాతం రావడం 21 శాతం తగ్గింది. మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు బి12 బాగా తక్కువుందని తేలింది. "హోమోసిస్టీన్‌తో పనిలేదు" అని ఇక్కడ చదివి ఎవరైనా బి12 పరీక్ష మానేస్తే కష్టం.

కేఎంసీ_పాతబ్యాచ్

ఒప్పుకుంటున్నాను. నేను మాట్లాడింది గుండెపోటు గురించే, మెదడు రక్తనాళాల లెక్క వేరు. చైనాలో పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపరు, జనంలో మొదటి నుంచీ కొరత ఉంది, ఫలితం రావడానికి అదీ కారణమే. బి12 కొరత మన దగ్గరా చాలా ఎక్కువ. రవి, హోమోసిస్టీన్ మళ్లీ చేయించే ముందు బి12 చూడు. తక్కువుంటే నరాల కోసం, రక్తం కోసం సరిచేసుకోవాల్సిందే.

జిమ్_శీను_కాజీపేట

మరి మా పొడి, అదే ఆ మూడూ కలిపిన బీసీఏఏ సంగతి? లూసిన్, వాలిన్‌లకు జన్యువుల తీర్పు ఏమొచ్చింది?

గణాంకాల_గిరి

ఇక్కడే చిక్కు ముడి. 2016లో ఒక పెద్ద అధ్యయనం లక్ష్మి మేడం చెప్పిన తూము దగ్గరికే పోయింది. పీపీఎం1కే అనే జన్యువు ఆ ఎంజైమ్‌ను మేల్కొలిపే పని చేస్తుంది, తూము తలుపు ఎత్తే మనిషిలాగా. దాని దగ్గర, ఇంకో నాలుగు చోట్ల తేడాలున్నవాళ్లలో ఈ మూడూ పుట్టుకతోనే ఎక్కువ, వాళ్లకు షుగర్ ముప్పు కూడా ఎక్కువ అని తేల్చింది. అంటే అమైనో ఆమ్లాలు కారణమే అన్నట్టు.

2017లో ఇంకొకరు తిరగేసి అడిగారు. ఇన్సులిన్ నిరోధకత పుట్టుకతో ఎక్కువుండే జన్యువులు తీసుకుని, వాళ్ల అమైనో ఆమ్లాలు చూశారు. పెరిగే ఉన్నాయి. అంటే జబ్బే ముందు, అమైనో ఆమ్లాలు వెనక. ఆ రెండోదాన్నే నేను నమ్ముతాను. గుండె విషయంలో ఈ మూడూ నేరుగా ధమనులను చెడగొడతాయనే జన్యు ఆధారం బలంగా లేదు.

బయోకెమ్_లక్ష్మి

గిరీ, అంత తొందరగా కొట్టిపారేయకు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. తూము సన్నబడితే మట్టం పెరుగుతుంది, మట్టం పెరిగి కట్ట నానితే తూము ఇంకా పాడవుతుంది. జీవరసాయనంలో ఇలాంటి చక్రాలు ఎన్నో ఉన్నాయి.

ఇంకో మాట. పరకాల తమ్ముడి చిట్టీ బాగుంది, కానీ ఒక చిట్టీలో రెండు మందుల పేర్లు రాసి ఉంటే? ఒక జన్యువు ఒక్క పనే చేస్తుందని పూచీ లేదు. అమైనో ఆమ్లాన్నీ మార్చి, రక్తపు కొవ్వునూ మార్చిందనుకో, గుండెజబ్బు దేనివల్ల వచ్చిందో తేలదు. అందుకే ఒక్క జన్యువు మీద నిలబడిన ఫలితాన్ని నేను అనుమానంగానే చూస్తాను. వేర్వేరు దారుల్లో పనిచేసే పది జన్యువులు ఒకే మాట చెప్తే అప్పుడు వింటాను.

గణాంకాల_గిరి

ఆ చిట్టీ మాట ఒప్పుకున్నాను మేడం. ఆ లోపాన్ని పట్టే లెక్కలు 2015 నుంచి వచ్చాయి, కానీ జన్యువులు నాలుగైదే ఉన్నప్పుడు వాటికి బలం చాలదు. చక్రం సంగతి మాత్రం నాకింకా నమ్మకం కుదరలేదు.

పత్తిరైతు_పరకాల

రెండు మందుల చిట్టీ! వచ్చే ఏడు చేలో గుర్తుపెట్టుకుంటాను.

సరోజ_జనగామ

మరి గ్లైసిన్ తక్కువుందన్నాడు కదా రవి, దాని గురించి ఎవరూ అనలేదు. అది పెరిగితే మంచిదా?

బయోకెమ్_లక్ష్మి

మంచి ప్రశ్న సరోజా. మిగతావాటి కంటే గ్లైసిన్ లెక్కే కాస్త గట్టిగా నిలబడింది. 2019లో 80,003 మంది రక్తం, జన్యువులు కలిపి చూశారు. గ్లైసిన్‌ను మార్చే 27 చోట్లు జన్యువుల్లో దొరికాయి, వాటిలో 22 అప్పటిదాకా తెలియనివి. పుట్టుకతో గ్లైసిన్ ఎక్కువున్నవాళ్లకు గుండెజబ్బు కొంత తక్కువ, అందులో కొంత భాగం బీపీ తగ్గడం వల్ల కావచ్చని తేల్చారు. షుగర్ విషయంలో మాత్రం తిరగబడింది. గ్లైసిన్ షుగర్‌ను ఆపడం కంటే, ఇన్సులిన్ నిరోధకతే గ్లైసిన్‌ను తగ్గిస్తోందని కనిపించింది.

అయితే దాని మీద అన్నిటికంటే పెద్ద ప్రభావం చూపే జన్యువు సీపీఎస్1, కాలేయంలో అమ్మోనియాను యూరియాగా మార్చే మొదటి మెట్టుకు అదే ఆధారం. గ్లైసిన్ మీద దాని పట్టు ఆడవాళ్లలో మగవాళ్ల కంటే ఎక్కువ. పైగా అది హోమోసిస్టీన్‌ను కూడా కదుపుతుంది. నేనన్న రెండు మందుల చిట్టీ అదే.

సింగరేణి_బిడ్డ

గ్లైసిన్ బొక్కల్లో, తోలులో బాగా ఉంటుందని విన్నాను. అయితే ఆదివారం పొద్దున పాయా తాగడం గుండెకు మంచిదన్నమాట! గోదావరిఖనిలో సగంమంది డ్యూటీ దిగి అదే తాగుతారు.

కేఎంసీ_పాతబ్యాచ్

పాయా రుచికి తాగు బాబూ, మందుగా వద్దు. జన్యువు వల్ల వచ్చే తేడా చిన్నది, కడుపులో ఉన్నప్పటి నుంచి అరవై ఏళ్లు ఆగకుండా నడుస్తుంది. వారానికో గిన్నె పాయా దానికి సాటి రాదు. పైన తేలే కొవ్వు, అందులో పడే ఉప్పు లెక్క వేరే.

సింగరేణి_బిడ్డ

కల్లు కూడా రోజూ ఒక లొట్టి అయితే గుండెకు మంచిదే అంటాడు మా తాత.

గణాంకాల_గిరి

దానికీ చిట్టీ ఉంది. మద్యాన్ని ఒంట్లో కరిగించే జన్యువులో ఒక తేడా ఉన్నవాళ్లు సహజంగానే తక్కువ తాగుతారు. 2014లో 2.6 లక్షల మందిని చూస్తే వాళ్లకు గుండెజబ్బు దాదాపు 10 శాతం తక్కువ. కొద్దిగా తాగేవాళ్లలో కూడా తాగుడు తగ్గడం మేలే చేసింది. తాతకు గౌరవంగా చెప్పు.

జిమ్_శీను_కాజీపేట

మా జిమ్‌లో ఇంకో పొడి కూడా అమ్ముతున్నారు, ఆర్జినిన్ అని. రక్తనాళాలు తెరుచుకుంటాయి, గుండెకు బలం అంటున్నారు. గుండెపోటు వచ్చి తగ్గిన మా మేనమామ కొంటానంటున్నాడు. అదీ అమైనో ఆమ్లమే కదా?

కేఎంసీ_పాతబ్యాచ్

శీనూ, ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పు. గుండెపోటు వచ్చినవాళ్లు 153 మందిని తీసుకుని సగంమందికి ఆర్జినిన్, సగంమందికి ఉత్త బిళ్ల ఇచ్చి చూశారు. ఫలితం 2006లో వచ్చింది. ఆర్జినిన్ వేసుకున్నవాళ్లలో ఆరుగురు చనిపోయారు, అవతలి వైపు ఒక్కరూ లేరు. ప్రయోగం మధ్యలోనే ఆపేశారు. గుండె పనితీరు కూడా మెరుగుపడలేదు.

జిమ్_శీను_కాజీపేట

చెప్పాను. కొన్న డబ్బా తిరిగిచ్చేస్తానన్నాడు. మీరు ఇక్కడ ఉండటం మా అదృష్టం సార్.

లండన్‌లో_ములుగు

ఇంతసేపూ అందరూ చదివిన లెక్కల్లో ఒక పెద్ద లోటు ఉంది. ఆ జన్యువుల సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలవాళ్లది. జనం ఆరోగ్యం, జన్యువుల వివరాలు దాచే ఇక్కడి యూకే బయోబ్యాంక్‌లో ఐదు లక్షల మంది ఉన్నారు, మనలాంటివాళ్లు అందులో చాలా కొద్దిమంది. మనకేమో గుండెపోటు ముందే వస్తుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు వయసు 53 దగ్గర, మిగతావాళ్లకు 58 దాటాక. రవి వాళ్ల నాన్న వయసు చూడండి.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు కలిసి చేసిన పని 2009లో వచ్చింది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన తేడా మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉంది, వయసు మీద పడ్డాక గుండె బలహీనపడే ముప్పు దానితో పెరుగుతుంది. యూరప్ జనంలో వెతికి ఉంటే అది దొరికేదే కాదు. జీనోమ్ ఇండియా అనే ప్రాజెక్టులో చదివిన పది వేల మంది భారతీయుల జన్యువులు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. అమైనో ఆమ్లాల తీర్పు మన రక్తం మీద కూడా రాయాలంటే అలాంటివి ఇంకా చాలా కావాలి.

బయోకెమ్_లక్ష్మి

నా మనసులో ఉన్న మాట అన్నావు నాయనా. పరకాల నేల మీద వేసిన విత్తనం సంగతి పంజాబ్ పొలంలో తేలదు.

కేఎంసీ_పాతబ్యాచ్

అదే ఇంటర్‌హార్ట్ ఇంకో సంగతి కూడా చెప్పింది. గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతం తొమ్మిది మామూలు విషయాలతోనే తేలిపోతుంది. పొగ, కొలెస్ట్రాల్ తీరు, బీపీ, షుగర్, పొట్ట, మనసు మీద ఒత్తిడి, పండ్లు కూరగాయలు, వ్యాయామం, మద్యం. దక్షిణాసియావాళ్లలో కూడా ఇవే, చిన్న వయసులోనే మొదలవుతాయి.

రవి, నీ చేతిలో అమైనో ఆమ్లాల రిపోర్టు ఉంది కానీ మూడు నెలల షుగర్ సగటు ఉందా? బీపీ ఎప్పుడు చూపించావు? తండ్రి 51కే పోయాడు కాబట్టి ఇంకో పరీక్ష, లిపోప్రోటీన్-ఎ, చెడు కొలెస్ట్రాల్ లాంటిదే ఇంకో రకం రక్తపు కొవ్వు. అది దాదాపు పూర్తిగా జన్యువుల నుంచే వస్తుంది, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. 2009 నుంచి వచ్చిన జన్యు లెక్కల్లో అది గుండెపోటుకు కారణమేనని గట్టిగా నిలబడింది. పప్పు వండించుకో. పిల్లాడి పొడి ప్రమాదమని నేననను కానీ, ఇంటర్ పిల్లాడికి గుడ్డు, పప్పు, పెరుగు చాలు, ఆ డబ్బులు మిగులుతాయి.

హన్మకొండ_రవి

వారం తర్వాత రాస్తున్నాను. ఈసారి నేనే ల్యాబ్‌కు పోయి, పరగడుపున, పొద్దున ఏడున్నరకు రక్తం ఇచ్చాను. ట్యూబు ఐస్‌లో పెట్టేదాకా అక్కడే నిలబడ్డాను. కిరణ్ తమ్ముడి మాట చెప్తే వాళ్లే ఆశ్చర్యపోయారు.

హోమోసిస్టీన్ 16.5. బి12 బాగా తక్కువ, 148. లూసిన్ హద్దులోకి వచ్చింది, వాలిన్, ఐసోలూసిన్ ఇంకా కొద్దిగా ఎక్కువే. మూడు నెలల షుగర్ సగటు 6.2. 5.7 దాటితే షుగర్ వాకిట్లో ఉన్నట్టేనట. బీపీ 144/92. లక్ష్మి మేడం చెప్పిన కబురు నిజంగానే వచ్చింది, నేనే అందులో తప్పు పేరు చదువుకున్నాను. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాం, ఆయన అరగంట కూర్చోబెట్టి మాట్లాడారు. బి12 మొదలుపెట్టారు, బీపీ రెండు వారాలు ఇంట్లో చూసి రాసుకురమ్మన్నారు. అన్నం సగానికి తగ్గించాను, పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నాను.

ఇంట్లో మళ్లీ కంది పప్పు ఉడుకుతోంది.

సరోజ_జనగామ

చల్లగా ఉండు తమ్ముడూ. ఆ పప్పులో తోటకూర కూడా వేయమను. మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్ల రక్తం కూడా అదే కదా.

హన్మకొండ_రవి

తమ్ముడు ఉన్నాడు అక్కా, కరీంనగర్‌లో. 39 ఏళ్లు, ఇంతవరకు ఒక్క పరీక్ష చేయించుకోలేదు. ఆదివారం నేనే వెళ్లి తీసుకుపోతున్నాను. నా లిపోప్రోటీన్-ఎ రిపోర్టు గురువారం వస్తుంది. వాడిదీ నాదీ రెండూ వచ్చాక ఇక్కడే పెడతాను.

ల్యాబ్_కిరణ్_మంచిర్యాల

తమ్ముణ్ని తినకుండా తీసుకుపో అన్నా. హోమోసిస్టీన్ కూడా రాస్తే ఐస్ అడగడం మర్చిపోకు.